ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్

రిటైరయ్యాక నాకు దొరికిన కొత్త కొలువు ఏమిటంటే, మా అపార్ట్‌మెంట్‌లో కుర్రజంటలకి వైఫై డాక్టరుగా ఉండటం. మేముండేది మదీనాగూడలో. ఆఫీసుల్లో పెద్ద పెద్ద సిస్టమ్‌లు నడిపేవాళ్ళే, ఇంట్లో రూటర్ దగ్గరికి వచ్చేసరికి డబ్బా చేత పట్టుకుని "ఆంటీ, ఒక్కసారి చూడరా" అంటూ వస్తారు. చూస్తాను. వైఫై పేరులో ఫ్లాట్ నంబరు ఎందుకు పెట్టారు, ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టమని ఏ మహానుభావుడు చెప్పాడు అని ముందు నాలుగు చివాట్లు పెట్టి తర్వాత టీ ఇస్తాను. ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరికే సంగతులే. దొరకని సంగతి ఒకటుంది, అది నేను హఫీజ్‌పేట్‌లో ఒక ఇంటి గేటు ముందు నేర్చుకున్నాను.

ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సమాచార భద్రత విభాగంలో ఉండేదాన్ని. విదేశీ ఆసుపత్రుల బిల్లుల పని మా కంపెనీ చేసేది. కరోనా వచ్చి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టాక, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న రోగుల వివరాలు మనవాళ్ళ పడకగదుల్లోకి వచ్చేశాయి. క్లయింటుకి గుండె దడ పట్టుకుంది. అందుకని ఇంటి నుంచి పనిచేసే ప్రతి ఉద్యోగి వైఫైనీ పరిశీలించి, అందులో బయటివాళ్ళు ఎవరూ లేరని సంతకం పెట్టే పని నాకు అంటగట్టారు.

ఆ పని పుణ్యమా అని వీడియో కాల్‌లో ఎన్ని ఇళ్ళు చూశానో చెప్పలేను. ఒకాయన దసరాకి రూటర్‌కి కూడా కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ బొట్టు సరిగ్గా సీరియల్ నంబరు మీద పడింది. తడి గుడ్డతో తుడవమంటే "పూజ చేసిందండీ, ఎలా తుడుస్తాం" అని నా ప్రాణం తీశాడు. ఇంకొకావిడ గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరికీ పాస్‌వర్డ్ చెప్పి, ఏడాది తర్వాత కూడా పక్క వీధి చుట్టాలు తన నెట్‌లోనే ఉన్నారని తెలిసి ఏడ్చినంత పని చేసింది. మార్చేయమ్మా అంటే, "మా ఆడపడుచు ఏమనుకుంటుందో" అంది. వైఫై భద్రత అంటే సాంకేతిక విద్య అనుకునేవాళ్ళు ఒకసారి ఆ ఆడపడుచుతో మాట్లాడి రావాలి.

మా మేనేజరు సంగతి కూడా చెప్పాలి. క్లయింటు అన్న మాట వినబడితే చాలు, కుర్చీలోంచి సగం లేచే మనిషి. మంచివాడే. భయం ఎక్కువ. ఒక సోమవారం నా సీటు దగ్గరికి వచ్చి, సగం కాదు, పూర్తిగా నిలబడే మాట్లాడాడు.

"మేడమ్, హఫీజ్‌పేట్ అమ్మాయి లాప్‌టాప్ మీద మళ్ళీ అలర్ట్ వచ్చింది. క్లయింటు సీరియస్‌గా ఉన్నాడండి. శుక్రవారంలోగా క్లియర్ చేయకపోతే వర్క్ ఫ్రమ్ హోమ్ కట్. ఆఫీసుకి రమ్మనండి."

"ఆవిడకి ఆరో నెల. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ఎలా వస్తుంది?"

"రాలేకపోతే ప్రాజెక్టులోంచి తీసేస్తారండి. కాంట్రాక్టు కదా, ప్రాజెక్టు లేకపోతే ఇంకేముంటుంది? నేను మాత్రం ఏం చేయగలను చెప్పండి."

ఆ అలర్ట్ అర్థం ఇది. ఆ ఇంటి వైఫై మీద ఉన్న ఏదో కంప్యూటరు, ఆ అమ్మాయి ఆఫీసు లాప్‌టాప్‌లోకి దూరడానికి పదే పదే ప్రయత్నిస్తోంది. ఎవరో కూర్చుని పనిగట్టుకుని చేస్తున్నారని కాదు. వైరస్ పట్టిన లాప్‌టాప్ దానంతట అదే ఆ పని చేస్తుంది, దాని సొంతదారుకి కూడా తెలియదు. కానీ ఒకే వైఫైలో ఉన్నంతసేపూ అది ఈమె గుమ్మం ముందే ఉన్నట్టు. అందుకని ఆ ఇంటి నెట్‌లో ఎవరెవరున్నారో చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆ అమ్మాయి, ఆమె భర్త, మామగారు. నెట్‌లో ఉన్న ఫోన్లూ లాప్‌టాప్‌లూ ఒక చిన్న పెళ్ళికి సరిపోతాయి.

అంతకుముందే ఆ అమ్మాయి చేత రెండుసార్లు పాస్‌వర్డ్ మార్పించాను. మార్చిన పూట అందరూ మాయమయ్యేవారు. మర్నాటికల్లా పెళ్ళివారంతా తిరిగి విడిదికి చేరేవారు. నాకు ఓపిక తక్కువ, మా ఆయన ఈ మాట ఇంకా ఘాటుగా చెప్తారు. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను.

"ఎవరికి చెప్తున్నావమ్మా?"

"నేను ఎవ్వరికీ చెప్పలేదు మేడమ్. మామయ్య ఫోన్‌లో, మా ఆయన ఫోన్‌లో మాత్రమే పెట్టిన."

"మీ మామయ్య ఎవరికైనా చెప్తున్నారేమో?"

"అయ్యో, మామయ్య చెప్పరు మేడమ్. ఎవ్వలకీ చెప్పొద్దు మామయ్యా అన్న. సరే బిడ్డా, చెప్పను అన్నడు. మామయ్య మాటంటే మాటే."

ఆమె గొంతులో నిజముంది. నెట్‌లో పెళ్ళివారూ నిజంగానే ఉన్నారు. వీడియో కాల్‌లో తేలే వ్యవహారం కాదని నాకు అర్థమైంది. మా విభాగంలో ఎవరూ ఉద్యోగుల ఇళ్ళకి వెళ్ళేవారు కాదు, అలాంటి ఆనవాయితీ లేదు. గురువారం ఉదయం పాస్‌వర్డ్ ఇంకోసారి మార్పించి, మధ్యాహ్నం ఆటో ఎక్కి నేనే వెళ్ళాను.

రైల్వే స్టేషన్‌కి కాస్త ఇవతల, సందులో మూడంతస్తుల ఇల్లు. గేటు పక్కన నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల ధోతీ, బనీను, భుజాన తువ్వాలు, బనీను జేబులో స్మార్ట్‌ఫోను. ఆ చుట్టుపక్కలంతా పొలాలుగా ఉన్నప్పటి నుంచి అక్కడే ఉన్న కుటుంబం అని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే ఆయనే పలకరించాడు.

"రూమ్ కావాల్నా అమ్మా? ఇప్పుడైతే ఖాళీ లేదు. వచ్చే నెల నడిమి అంతస్తుల ఒకటి ఖాళీ అయితది."

"రూమ్ కోసం కాదండీ. మీ కోడలి ఆఫీసు నుంచి వచ్చాను."

"అట్లనా. కూసో, కూసో." ఆయన లేచి తన కుర్చీ నాకు వేసి, తను మెట్టు మీద కూర్చున్నాడు. "డాక్టరు లేవద్దన్నడు బిడ్డను. లోపట పండుకోనే పనిజేస్తది. గా కంప్యూటర్ పొట్ట మీద పెట్టుకోకు అని రోజూ చెప్త."

నేను అసలు విషయం ఎలా ఎత్తాలా అని ఆలోచిస్తుండగానే పై అంతస్తు నుంచి ఒక అమ్మాయి దిగి వచ్చింది. మా కోస్తా వైపు అమ్మాయే అని మాట వినగానే తెలిసిపోయింది.

"బాబాయ్ గారూ, నెట్ మళ్ళీ పోయిందండీ. మా ఫ్రెండ్ కొత్త ఫోన్ కొనుక్కుంది, దాంట్లో కూడా కొట్టి పెట్టరా?"

"ఇటు తే బిడ్డా."

పెద్దాయన రెండు ఫోన్లూ తీసుకున్నాడు. మాకు వీపు తిప్పి గోడ వైపుకి కూర్చున్నాడు. తువ్వాలు ఒక కొస ఫోన్ మీద కప్పాడు. ఆ తువ్వాలు కింద, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు, మేమెవరమైనా తొంగి చూస్తున్నామేమోనని. రెండూ అయ్యాక తువ్వాలు తీసి ఫోన్లు ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమె థాంక్యూ చెప్పి పైకి వెళ్ళిపోయింది.

ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి భద్రతా విధానం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"ఏంటండీ అది?" అన్నాను.

"వైఫై. పాస్‌వర్డ్ ఎవ్వలకీ చెప్పొద్దన్నది మా కోడలు. చెప్తలేను. ఒక్కనికి గూడ చెప్పలే ఇప్పటిదాంక. ఎవలకన్న కావాల్నంటే నేనే కొట్టి ఇస్త, వాళ్ళకు కనవడకుంట." ఆయన ముఖంలో మాట నిలబెట్టుకున్నవాడి తృప్తి. "మస్తు పరేషాన్ ఉంటది అమ్మా, నెలకోసారి మారుస్తున్నరు మీరు. నాకేమో చిన్న అక్షరాలు కనవడవు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను, రాలేదు. ఆయన ఫోన్ ఒకసారి అడిగి తీసుకున్నాను. వేలిముద్ర ఆయన చేతే వేయించి, వైఫై సెట్టింగ్‌లోకి వెళ్ళి, పంచుకోవడానికి ఉండే మీట నొక్కాను. తెర మీద నల్ల గడుల క్యూఆర్ కోడ్ బొమ్మ వచ్చింది. నా ఫోన్ కెమెరా దాని ముందు పెట్టాను. అంతే, నా ఫోన్ ఆయన వైఫైకి కలిసిపోయింది.

"చూడండి. మీరు నాకు చెప్పలేదు. నా ఫోన్‌లో కొట్టనూ లేదు. అయినా నేను మీ నెట్‌లో ఉన్నాను. ఇదిగో, బొమ్మ కింద మీ పాస్‌వర్డ్ అక్షరాలతో సహా రాసుంది. మీరు తువ్వాలు కప్పి ఎవరి ఫోన్‌లో కొట్టినా, వాళ్ళు ఇంకొకరికి ఇలాగే ఇచ్చుకోవచ్చు. వాళ్ళు మరొకరికి. ఆ ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్లో కూర్చున్నవాళ్ళ దాకా వెళ్ళి ఉంటుంది."

ఆయన ఫోన్ తీసుకుని ఆ బొమ్మ వంక చాలాసేపు చూశాడు. తువ్వాలుతో తెర తుడిచి మళ్ళీ చూశాడు.

"గిదేంది గిట్ల," అన్నాడు చివరికి. ఎవరో తనకి తెలియకుండా తన మాట తప్పించినట్టు బాధపడ్డాడు.

అక్కడితో ఒప్పుకున్నాడనుకున్నాను. అసలు కథ అప్పుడే మొదలైంది.

"అయితే మాత్రం ఏంది అమ్మా? మీరు మా కోడలికి రాసిన ఈమెయిలు నా కొడుకు సదివి చెప్పిండు. పర్మిషన్ లేనోళ్ళు మా నెట్టు వాడుతున్నరని రాసిన్రట. పర్మిషన్ లేనోళ్ళు ఎవలు? నా ఇంట్ల ఉన్నోళ్ళందరికీ నేనే ఇచ్చిన పర్మిషన్. కిరాయికిచ్చేటప్పుడే చెప్పిన, నీళ్ళు, నెట్టు నా జిమ్మ, నేనే చూస్కుంట అని. వాళ్ళు పిల్లలు, దూరం నుంచొచ్చి నౌకరీలు చేసుకుంటున్నరు. ఇప్పుడు పోయి మా ఆఫీసోళ్ళు వద్దన్నరు, నెట్టు బంద్ అంటే నా మాట ఏంగావాలె?"

ఆ ఈమెయిలు మా విభాగంలో కూర్చుని మేమే రాశాం. అనుమతి లేనివాళ్ళు అని రాసేటప్పుడు, అనుమతి ఇచ్చేది ఎవరు అన్న ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో అనుమతి ఇవ్వాల్సినవాడు ఈయనే, ధారాళంగా ఇచ్చేశాడు. వైరస్ గురించి చెప్పాను. వచ్చినవాడు మంచివాడే కావచ్చు, వాడి లాప్‌టాప్‌కి రోగం ఉండొచ్చు అన్నాను. రోగమొస్తే దవాఖానకు తీస్కపోవాలె గాని ఇంట్లకెళ్ళి ఎల్లగొడ్తరా అన్నాడు. క్లయింటు గురించి చెప్పాను. ఆయనెవరో తనకి ఎరుక లేదన్నాడు. మర్యాదగానే అన్నాడు, మంచినీళ్ళు కూడా తెప్పించి ఇచ్చాడు. కానీ తొణకలేదు.

ఇంక చెప్పేయాల్సిందే, ఈ అమ్మాయి ఉద్యోగం రేపటితో పోతుంది అని నేను నోరు తెరవబోతుండగా, వెనక తలుపు చప్పుడైంది. ఆ అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది. వీడియో కాల్‌లో చూసినదానికంటే చాలా చిన్నపిల్లలా కనిపించింది. కిటికీలోంచి మా మాటలన్నీ వింటూనే ఉందన్నమాట.

పెద్దాయన గబుక్కున లేచాడు. "నువ్వెందుకు లేసినవ్ బిడ్డా? పో, పండుకో."

"మామయ్యా, నా ఉద్యోగం పోతది."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రేపటిలోపల మన నెట్‌ల బయటోళ్ళు లేకుంట చెయ్యకపోతే నన్ను తీసేస్తరు. ఆఫీసుకు రమ్మంటరు, నేను పోలేను. పోలేకపోతే ఇగ ఉద్యోగం లేదు."

"గీ ముచ్చట నాకెప్పుడు చెప్పినవ్?"

"పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఎవ్వలకీ చెప్పొద్దని చెప్పిన కద మామయ్యా."

"అది చెప్పినవ్. ఉద్యోగం పోతదని చెప్పలే."

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎట్ల చెప్పాలె మామయ్యా? మీరు అందరికీ పిలిచి పిలిచి ఇస్తరు. నా ఒక్కదాని కోసం ఆపుమని ఎట్ల అడగాలె? అడిగితే మీ మాట పోతదని భయమైంది. రాత్రి నిద్ర గూడ పడ్తలేదు."

నాకు ఆ క్షణంలో ఆ పిల్ల మీద ఎంత జాలి వేసిందో చెప్పలేను. నేను ఫోన్‌లో గద్దించినప్పుడల్లా ఆమె మామగారి మాటనీ తన ఉద్యోగాన్నీ రెండింటినీ మోస్తూ నాకు జవాబు చెప్పింది. సెట్టింగులు మార్చడం నిమిషాల పని. ఆ ఒక్క మాట మామగారితో అనడానికి ఆమెకి నెలలు పట్టింది.

పెద్దాయన ఆమెని లోపలికి నడిపించుకు వెళ్ళాడు. తిరిగి వచ్చాక నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఇగ ఏం జెయ్యాల్నో చెప్పు అమ్మా. అందరిదీ తీసేయాల్నా? తీసేద్దాం. నేనే పోయి చెప్త వాళ్ళకు."

"అందరిదీ తీసేయనక్కరలేదండీ," అన్నాను.

ఇది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇప్పటి రూటర్లలో ఒకే పెట్టె నుంచి రెండు వైఫైలు పెట్టుకోవచ్చు. ఒకటి ఇంటికి, ఒకటి వచ్చేపోయేవాళ్ళకి. రెండో దాంట్లో ఉన్నవాళ్ళు నెట్ వాడుకుంటారు తప్ప మొదటి దాంట్లో ఏముందో చూడలేరు, దూరలేరు. ఆ రెండోది కిరాయిదార్లకి ఇద్దామన్నాను. అంటే మీ మాట ఎక్కడికీ పోదన్నమాట అని కూడా అన్నాను. ఆయన ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది.

ఆ అమ్మాయి మంచం పక్కన స్టూలు వేసుకుని పని మొదలుపెట్టాను. ముందు రూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళే పాస్‌వర్డ్, అంటే ఆ పెట్టె తాళం, మార్చాను. కంపెనీ నుంచి వచ్చినప్పటి తాళమే ఇంకా ఉంది. ఇల్లు మార్చినా గేటు తాళం మార్చని వాళ్ళ లాగా చాలామంది దీన్ని వదిలేస్తారు, మీరు మాత్రం వదలకండి. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చే మీట ఒకటి పెట్టె వెనక ఉంటుంది, దాన్ని పనిచేయకుండా ఆపేశాను. రెండో వైఫై పెట్టి, పెద్దాయన తేలిగ్గా కొట్టగలిగే పాస్‌వర్డ్ ఆయన్నే అడిగి పెట్టాను. ఇక మిగిలింది మొదటిది, ఆ అమ్మాయిది. ఆమె తనకి ఇష్టమైన పొడుగాటి పాస్‌వర్డ్ ఒకటి కొట్టింది.

"మీ మామయ్య ఫోన్ ఇవ్వమ్మా, దాంట్లో కూడా పెట్టేద్దాం. ఇంటి యజమాని కదా," అన్నాను.

పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకొద్దు."

"అదేంటండీ? ఇది మీ ఇంటి వైఫై."

"నాకు చెప్పొద్దు, నా ఫోన్‌ల పెట్టొద్దు. కిరాయోళ్ళకిచ్చింది నాకూ చాలు." నా వంక కాక కోడలి వంక చూస్తూ అన్నాడు. "నా సంగతి నాకు ఎరుక కద బిడ్డా. నా దగ్గరుంటే, ఎవలన్న వచ్చి అడిగితే లేదని నా నోటికి రాదు. ఉండంగ లేదని అబద్ధం ఆడలేను. నాకు ఎరుక లేకుంట ఉంటేనే నీకు మంచిది."

కోడలు దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంది. నేను గోడ వైపు తిరిగి, అవసరం లేకపోయినా రూటర్ వైర్లు సర్దాను.

అక్కడి నుంచే మేనేజరుకి ఫోన్ చేశాను. ఆ నెట్‌లో ఎవరున్నారని అడిగాడు. ఆ అమ్మాయి లాప్‌టాప్, ఆమె ఫోను, సాయంత్రం ఇంటికొచ్చాక వాళ్ళాయన ఫోను, అంతే అన్నాను. "మరి ఇంటి ఓనరు?" అన్నాడు. ఆయన కిరాయిదార్లతో పాటు బయట ఉన్నాడని చెప్పాను. మేనేజరుకి అర్థం కాలేదు. అయినా ఆ సాయంత్రమే క్లయింటుకి కబురు వెళ్ళింది, మర్నాడు ఆ అమ్మాయి పేరు ప్రాజెక్టులో అలాగే ఉంది. ఆ రోగం పట్టిన లాప్‌టాప్ ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు.

నేను బయటికి వచ్చేసరికి పెద్దాయన మళ్ళీ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కిరాయిదార్లు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు, ఆయన ఒక్కొక్కరికీ కొత్త పాస్‌వర్డ్ నోటితోనే చెప్పేస్తున్నాడు, తువ్వాలు అవసరం లేకుండా. ఇందాకటి అమ్మాయి కూడా వచ్చింది. ఫోన్ చూసుకుంటూ నిలబడింది.

"బాబాయ్ గారూ, ఇక్కడ రెండు కనిపిస్తున్నాయండీ. లోపలిది స్పీడ్ ఎక్కువ ఉండేలా ఉంది. నాకు అది కొట్టి పెట్టరా?"

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోబోతూ ఆగిపోయాను. లోపల మంచం మీద టైపు చేస్తున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

పెద్దాయన ఆ అమ్మాయి ముఖంలోకి నిండుగా చూశాడు.

"అది నాకు తెల్వది బిడ్డా," అన్నాడు. "తెలిస్తే నీకియ్యకుంట ఉంటనా?"